మామ్మకి పనున్న ఊళ్ళు

మా ఇంట్లో ఊరికే చూసొద్దామని ఏ ఊరికీ ఎవరూ వెళ్ళిన పాపాన పోలేదు. నరసన్నపేటకి దగ్గర్లో, వంశధార గట్టునున్న పల్లె మాది. నాలుగెకరాల వరి, రెండు గేదెలు, ఏడాది తప్పితే ఏడాది తుపాను. స్కూల్లో విహారయాత్రకి డబ్బులు కట్టమన్నారని ఇంటికొచ్చి చెబితే మామ్మ ఇంతెత్తున లేచేది. “పనుండి ఎల్తారు గానీ ఉత్తినే సూడ్డానికి ఎవులైనా ఎల్తారేట్రా? సూత్తే ఏటొత్తాది?”

అలాగని ఆవిడ గడప దాటని మనిషి అనుకునేరు. జిల్లా నలుమూలలా ఆవిడకి పనులే. కళ్ళకి జబ్బు చేస్తే అరసవల్లి. పెద్దల కార్యాలకి శ్రీకూర్మం. శివరాత్రి వెళ్ళాక చక్రతీర్థానికి ముఖలింగం. మాఘ పున్నమికి కళింగపట్నంలో సముద్ర స్నానం, వచ్చేటప్పుడు సంచీ నిండా ఎండు చేపలు. పెళ్ళి బట్టలకి పొందూరు. నేను ఆవిడ చెంగు పట్టుకుని తిరిగినవాణ్ణి కాబట్టి శ్రీకాకుళం జిల్లా చరిత్ర నాకు ఆ పనుల వరసలోనే తెలుసు. రాజుల పేర్లు, శతాబ్దాలు తర్వాత ఎప్పుడో చదువుకుని ఆ వరసలో ఇరికించుకున్నాను. ఇప్పటికీ నన్ను ఈ నేలని ఏలిన తూర్పు గాంగ రాజుల గురించి అడిగితే ముందు నాకు పిడకల పొగ గుర్తొస్తుంది.

ఆ పొగ అరసవల్లిది. ఆ మొక్కు నా గురించే. చిన్నప్పుడు నాకు కళ్ళు ఎర్రబడి, తెల్లారేసరికి పుసులు కట్టి అతుక్కుపోయేవి. డాక్టరు ఇచ్చిన చుక్కలు ఒక పక్క వేస్తూనే మామ్మ సూర్యనారాయణమూర్తికి మొక్కేసుకుంది. చుక్కలకి తగ్గిందా, మొక్కుకి తగ్గిందా అని ఇంట్లో చిన్న తగువు కూడా నడిచింది. మాఘమాసంలో ఒక ఆదివారం చీకటితోనే బయల్దేరి, శ్రీకాకుళం బస్టాండులో దిగి, అక్కణ్ణించి నడుచుకుంటూ గుడికి చేరాం. మాలాంటివాళ్ళు వందల మంది. మూడేసి ఇటుకలు పెట్టి, పిడకలు రాజేసి, ఎక్కడివాళ్ళక్కడ పరమాన్నం వండుతున్నారు. మా మామ్మ తెచ్చిన గిన్నె బుడితి ఇత్తడిది, ఆవిడ పెళ్ళికి పెట్టింది. సారవకోట దగ్గరి ఆ బుడితిలో పోతపోసిన గిన్నె అడుగు మాడదని ఆవిడకి గట్టి నమ్మకం. పాలు పొంగే వేళకి ఆవరణంతా తెల్లటి పొగ కమ్మేసింది. కళ్ళ జబ్బు తగ్గినందుకు మొక్కు తీర్చడానికి వెళ్ళి, చింతనిప్పుల్లాంటి కళ్ళతో ఇంటికొచ్చాం.

రథసప్తమికి వెళ్ళడమంటే అది వేరే సాహసం. ముందురోజు రాత్రే వరసలో నిలబడాలి. జిల్లేడాకులు, రేగుపళ్ళు నెత్తిన పెట్టుకుని స్నానం, చిక్కుడాకుల్లో ప్రసాదం. మామూలు రోజుల్లో అలంకారాల మధ్య స్వామి ముఖమే కనిపిస్తుంది. ఆరోజు మాత్రం నిజరూప దర్శనం. రెండు చేతుల్లోనూ తామర మొగ్గలు పట్టుకున్న నల్లరాతి సూర్యుడు, పక్కన దేవేరులు, కింద ఏడు గుర్రాలు, వాటిని తోలుతున్న అనూరుడు. పాలాభిషేకం జరుగుతుంటే ఆ నలుపు మీద తెలుపు జారడం నేను నాన్న భుజాల మీద కూర్చుని చూశాను. గుడిని గాంగ రాజు దేవేంద్రవర్మ 7వ శతాబ్దంలో కట్టించాడని చెబుతారు.

ఏటా మార్చి రెండో వారం మొదట్లో, మళ్ళీ అక్టోబరు మొదటి రోజుల్లో పొద్దుటి కిరణాలు గుడి ముందరి అనివెట్టి మండపం మీదుగా వచ్చి స్వామి పాదాలు తాకుతాయి. ఇది ఎలా జరుగుతుందో మా సోషల్ మాస్టారు గ్లోబు తిప్పి మరీ చెప్పారు. పగలూ రాత్రీ సమానమై పొద్దు సరిగ్గా తూర్పున పొడిచేది మార్చి 21న, సెప్టెంబరు 23న. మొదటిదానికి పది రోజుల ముందు, రెండోదానికి పది రోజుల తర్వాత, సూర్యుడు సరిగ్గా తూర్పున కాకుండా పిసరంత దక్షిణానికి జరిగి, రెండుసార్లూ ఒకే చోట పొడుస్తాడు. గుడి కట్టినవాళ్ళు వాకిళ్ళన్నీ ఆ చోటుకి గురిపెట్టారు, అంతే. ఇంటికొచ్చి ఎంతో గొప్పగా ఇదంతా మామ్మకి ఒప్పజెప్పాను. “ఆ ముక్కకి గుండ్రాయి తిప్పడం ఏటికిరా? ఏడాది పాటు మన వాకిట్లో పేడ కళ్ళాపి సల్లినోల్లకి పొద్దు ఎక్కడ పొడుస్తాదో తెల్దా?” అంది. మాస్టారికి ఈ జవాబు చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

శ్రీకూర్మం మాకు సంతోషం మీద వెళ్ళే ఊరు కాదు. తాత పోయాక వెళ్ళాం. శ్వేత పుష్కరిణిలో అస్థికలు కలిపి, గట్టు మీద పిండాలు పెట్టి, తడి బట్టలతో లోపలికి. కాశీ వెళ్ళలేని మా వైపు వాళ్ళందరికీ అదే కాశీ. విష్ణువు తాబేలు రూపంలో కొలువున్న ఇలాంటి గుళ్ళు ఎక్కడో గానీ ఉండవు. దేవుడు పడమటి ముఖంగా ఉంటాడు, అందుకని గుడికి తూర్పునా పడమరా రెండు ధ్వజస్తంభాలు. నాకు అప్పుడు ఇవేవీ పట్టలేదు. ఆవరణలో పెంచే నక్షత్ర తాబేళ్ళ దగ్గర చతికిలబడి తోటకూర కాడలు అందిస్తూ, పెద్దవాళ్ళు ఏడుస్తున్న సంగతి కూడా మర్చిపోయాను.

ప్రదక్షిణ మండపంలో స్తంభాల వరస ఉంటుంది. కాళ్ళు నొప్పెట్టి ఒక స్తంభానికి ఆనుకుంటే ఒళ్ళంతా గరగరమంది. చూస్తే రాయి నిండా అక్షరాలు! 11వ శతాబ్దం నుంచి మొన్నమొన్నటి దాకా చెక్కిన శాసనాలు అక్కడ పదుల కొద్దీ ఉన్నాయి. కళింగాన్ని గాంగ రాజుల తరఫున ఏలిన మధ్వ సన్యాసి నరహరితీర్థులు 1281లో వేయించినది వాటిలో పేరున్నది. పెద్దయ్యాక వాటి అచ్చు ప్రతులు తిరగేస్తుంటే నవ్వొచ్చింది. ఫలానావాడు అఖండ దీపానికి ఇన్ని ఆవుల్ని ఇచ్చాడు, ఇంకొకడు తల్లిదండ్రుల పుణ్యానికి ఇంత భూమి రాసిచ్చాడు. అంటే ఏడెనిమిది వందల ఏళ్ళ కిందటి వాళ్ళు కూడా మా మామ్మలాగే పని మీద వచ్చినవాళ్ళే, చూడ్డానికి కాదు! గోడల మీది రంగు బొమ్మలు మాత్రం అప్పటికే సగం మాసిపోయి, మిగతా సగం చేతులు తగిలి నల్లబడి ఉండేవి. వాటి దగ్గర జనం ఇంకాస్త దూరంగా నిలబడితే బాగుండునని ఇప్పటికీ అనుకుంటాను.

ఇక ముఖలింగం. మామ్మకి అన్నిటికన్నా ఇష్టమైన పని ఇదే, ఎందుకంటే అక్కడ పుట్టింటివాళ్ళు కలిసేవాళ్ళు. ఆవిడ పుట్టిల్లు పర్లాకిమిడికి అవతల. 1936లో ఒడిశా వేరే రాష్ట్రం అయినప్పుడు పర్లాకిమిడి అటు పోయింది, పాతపట్నం ఇటు మిగిలింది. మామ్మ లెక్కలో మాత్రం ఆ గీత ఎక్కడా లేదు. నౌపడా నుంచి టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి మీదుగా గుణుపురం పోయే చిన్న రైలుంటే రాష్ట్రం ఏదైతేనేం! పర్లాకిమిడి రాజుగారు వేయించిన ఆ చిన్న పట్టాల రైలు 1900లో మొదలై, నాకు పెద్దతనం వచ్చేదాకా పొగ కక్కుకుంటూ, తర్వాత డీజిలు మీద నడిచి, చివరికి పెద్ద లైనుగా మారిపోయింది. దాని కిటికీలోంచి చెయ్యి చాపితే చెరుకాకులు తగిలేవని మామ్మ చెప్పేది. నేను ఎక్కినప్పుడూ తగిలాయి.

మా ఊరి నుంచి ముఖలింగానికి వంశధార గట్టు వెంటే ఎగువకి వెళ్ళాలి. శివరాత్రి తర్వాత చక్రతీర్థ స్నానానికి ముందురోజు రాత్రి బళ్ళు కట్టేవాళ్ళు. బండిలో ఎండుగడ్డి పరిచి, దాని మీద బొంత, బొంత మీద పిల్లలం. నిద్రలో బండి కుదిపినప్పుడల్లా ఇంకో బండివాడు ఎక్కడో పాట ఎత్తుకోవడం వినపడేది. తెల్లారేసరికి ఏటి ఇసక నిండా జనం. అందులో సగానికి సగం ఒడియావాళ్ళు. మామ్మ బండి దిగగానే భాష మార్చేసేది. అటువైపు బంధువుల్ని ఒడియాలో పలకరించి, బేరం మాత్రం తెలుగులో ఆడేది. నాకూ నాలుగు మాటలు వచ్చాయి. తినేవాటి పేర్లు ముందు నేర్చుకున్నాను. స్నానాలయ్యాక జీళ్ళు, ఖర్జూరాలు, మురీలు కొనిపెట్టేది. ఆ సంత వాసనలో తడి ఇసక, కాలిన బెల్లం, ఎడ్ల చెమట కలిసి ఉండేవి.

మధుకేశ్వరుడి గుళ్ళో లింగం వెనక ఒక పెద్ద మట్టి గోలెం ఉంటుంది. గర్భగుడి ద్వారం కన్నా పెద్దది. పిల్లలు లేని కుమ్మరి ఒకాయన మొక్కుకుని, కొడుకు పుట్టాక తన చేత్తో చేసిన గోలేన్ని తెచ్చాడట. ద్వారం పట్టక బయట కూలబడి ఏడిస్తే, తెల్లారేసరికి అది లోపల ఉందట. మామ్మ ఈ కథ ప్రతి ఏడాదీ అదే చోట, అదే గొంతుతో చెప్పేది. ఇంకో కథ కొండల్లో ఉండే సవర తెగవాళ్ళది. సవర దొరకి ఇద్దరు పెళ్ళాలు. ఇప్పచెట్టు కొమ్మలు చెరిసగం పంచుకున్నారు. చిన్నదాని కొమ్మ నుంచి బంగారు పూలు రాలుతుంటే పెద్దదానికి కడుపు మండింది. తగువు పడలేక దొర చెట్టు నరికితే మొదట్లోంచి శివుడు ముఖం చూపించాడు. “సవతుల తగువు తీర్సడానికి దేవుడే దిగొచ్చాడు గానీ మొగుడి వల్ల అయ్యిందేట్రా?” అని మామ్మ ముక్తాయింపు.

ఆ ముఖలింగమే ఒకప్పటి కళింగనగరం అని, తూర్పు గాంగులకి శతాబ్దాల పాటు రాజధాని అని నాకు కాలేజీకి వెళ్ళాక తెలిసింది. 1078లో పట్టానికొచ్చిన అనంతవర్మ చోడగంగదేవుడు ఈ వంశంవాడే. పూరీలో జగన్నాథుడి పెద్ద గుడి మొదలుపెట్టింది ఆయన. రాజధాని కటకానికి మారడమూ ఆయన కాలంలోనే. ఆ తర్వాత 13వ శతాబ్దంలో కోణార్కలో సూర్యుడికి రాతి రథం కట్టించిన నరసింహదేవుడూ ఆ వంశంవాడే. మొదటిసారి కోణార్క వెళ్ళినప్పుడు ఆ చక్రాల ముందు నిలబడి, వీళ్ళ సూర్యభక్తి మా అరసవల్లి నుంచే అటు వెళ్ళిందేమో అనుకున్నాను. దీనికి ఏ పండితుడి ఆమోదమూ లేదు, మా జిల్లా పొగరు తప్ప. ఇంకోటి కూడా చెప్పాలి. ప్రపంచమంతా వెళ్ళి చూసేవి పూరీ, కోణార్క. వాటికి ముందుమాట రాసిన ఊళ్ళో మాత్రం మధ్యాహ్నం వెళితే గుడి అరుగు మీద ఇద్దరు ముసలాళ్ళు, ఒక మేక. భీమేశ్వరుడి గుడికి, సోమేశ్వరుడి గుడికి ఆ మేక కూడా రాదు. సోమేశ్వరం గోడల మీది శిల్పాన్ని నేను గంటసేపు ఒక్కణ్ణే చూసిన రోజులున్నాయి. జనం రాకపోవడమే మంచిదేమో అనిపించేంత స్వార్థం పుడుతుంది అక్కడ.

ఇక్కడి శాసనాల మీదే పాత లిపి సొంతంగా చదవడం నేర్చుకున్నాడు గిడుగు రామమూర్తి. వాడుక భాష కోసం పోరాడిన ఆ గిడుగే. 1863లో ఆయన పుట్టిన పర్వతాలపేట ఈ వంశధార ఒడ్డునే. పర్లాకిమిడిలో పంతులు పని చేస్తూ సవరల భాష నేర్చుకుని దానికి నిఘంటువు, వ్యాకరణం రాశాడు. మళ్ళీ ఆయనే 1919లో శాలిహుండం కొండ మీద బౌద్ధ శిథిలాల్ని గుర్తించాడు. ఒక్క మనిషి ఈ ఏటి పొడవునా ఇన్ని పనులు ఎలా పెట్టుకున్నాడో!

శాలిహుండం మామ్మ జాబితాలో లేదు. కళింగపట్నం నుంచి వస్తూ ఒకసారి నాన్న నన్ను ఎక్కిస్తానంటే, “ఆ ఇటికల గుట్ట మీద దేవుడున్నాడా, దెయ్యమున్నాడా? ఏటి పని?” అని కిందే కూర్చుండిపోయింది. కొండ మీద గుండ్రటి ఇటుక స్తూపాలు, చైత్యాలు, మెట్ల దారి. క్రీస్తుకి ముందు 2వ శతాబ్దం నుంచి వెయ్యేళ్ళకి పైగా భిక్షువులు ఉన్న చోటు. తవ్వకాల్లో దొరికిన ధాతువుల బరిణెలు, తారాదేవి, మారీచి విగ్రహాలు చూస్తే బౌద్ధంలోని మహాయానం, వజ్రయానం శాఖలు ఇక్కడ ఎంత బాగా పాతుకున్నాయో అర్థమవుతుంది. నాకు ఆరోజు నచ్చింది వేరు. పైనుంచి చూస్తే వంశధార మొత్తం వంపులతో సహా కనిపించి, దూరాన సముద్రం గీతగా మెరిసింది. ఏ కొబ్బరికాయా కొట్టకుండా, ఏ దక్షిణా ఇవ్వకుండా తిరిగొచ్చిన మొదటి చోటు అదే. ఎవరికీ పని లేని చోటు. కిందికి దిగాక మామ్మ, “ఏటున్నాదక్కడ?” అంది. “గాలి” అన్నాను. “గాలికి అంత దూరం ఎక్కాల?” అంది.

పొందూరు ప్రయాణం చిన్నాన్న పెళ్ళికి. పంచెలూ ఉత్తరీయమూ అక్కడివే కావాలని తాత పోతూ చెప్పి పోయాడట. నూలు వడికే ఇంటి అరుగు మీద మమ్మల్ని కూర్చోబెట్టారు. ఒకావిడ చేతిలో సన్నటి పళ్ళ దువ్వెన లాంటిదేదో పట్టుకుని పత్తిని దువ్వుతోంది. అడిగితే వాలుగ చేప దవడ ఎముక! ఆ పళ్ళ సన్నదనం ఏ ఇనప దువ్వెనకీ రాదట. దువ్వాక గింజ తీసి, ఏకి, వచ్చిన మెత్తటి ఏకుల్ని ఎండిన అరటి బోదెలో చుట్టిపెట్టుకుని, అందులోంచి ఒక్కొక్కటీ లాగి రాట్నం మీద వడుకుతారు. వంద కౌంటు అనే అతి సన్నటి నూలు అలా చేత్తోనే వస్తుంది. ఇక్కడి పనితనం విని గాంధీగారు తన కొడుకు దేవదాసుని చూసి రమ్మని పంపారని ఆ ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. మామ్మ పంచెని ఎండకి ఎత్తిపట్టి, అంచు వేళ్ళతో నలిపి, ధర విని గుండె మీద చెయ్యేసుకుంది. అయినా బేరం ఆడలేదు! ఆవిడ బేరమాడకపోవడం నేను చూడ్డం అదే. ఇంటికొచ్చాక కారణం చెప్పింది. “ఆ ముసిల్దాని యేళ్ళు సూసినావా? నాకన్నా పెద్దది.”

విజయనగరం మా పిన్నిది. సిరిమానుకి రమ్మని కబురొచ్చేది. విజయదశమి వెళ్ళిన మంగళవారం, చింతమాను కొసన కూర్చున్న పూజారి మన నెత్తి మీదుగా గాల్లో పోతుంటే అరటిపళ్ళు విసురుతారు. పైడితల్లి గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు. ఆ జనంలో నాకు మిగిలింది ఎవరిదో మోచెయ్యి, నా కొత్త చెప్పుల్లో ఒకటి. 1757 జనవరిలో బొబ్బిలి యుద్ధంలో పోయిన పెద విజయరామరాజుకి పైడితల్లి చెల్లెలని చెప్పే కథ పిన్ని చెబితేనే బాగుంటుంది. నేను చెప్పను. తేలినీలాపురం కొంగలు, మందస కోవా, బారువ తీరం అన్నీ పెద్దయ్యాక చూసినవే. మామ్మ లేకుండా చూసినవి కాబట్టి వాటి గురించి నాకు చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. కోవా బాగుంటుంది.

ఇప్పుడు హైదరాబాదు నుంచి అక్క పిల్లలు వస్తారు. ఫోన్లో జాబితా ఉంటుంది. పొద్దున్న అరసవల్లి, పదింటికి శ్రీకూర్మం, భోజనాల వేళకి శాలిహుండం, సాయంత్రం కళింగపట్నం లైట్‌హౌసు. చీకటి పడేసరికి జిల్లా అయిపోతుంది. నేను డ్రైవరు పక్క సీట్లో కూర్చుని దారి చెబుతాను. వాళ్ళని ఏమీ అనను, వాళ్ళ బొమ్మలు బాగానే ఉంటాయి. శాలిహుండం కొండ వాళ్ళకే బాగా నచ్చుతుంది కూడా. మామ్మ అస్థికలు కలపడానికి శ్రీకూర్మం వెళ్ళినప్పుడు మాత్రం ఎవరూ ఫోను తియ్యలేదు. పెద్ద మేనల్లుడు తోటకూర కట్ట కొనుక్కొచ్చి తాబేళ్ళ దగ్గర కూర్చున్నాడు.

పోయిన చక్రతీర్థానికి నేనొక్కణ్ణే ముఖలింగం వెళ్ళాను. బళ్ళు లేవు, ఆటోలు, ఒడిశా నంబరు బస్సులు. స్నానం చేసి గట్టెక్కుతుంటే ఒక పెద్దాయన తువ్వాలు పిండుకుంటూ, “ఏ ఊరు బావూ?” అని తెలుగులోనే అడిగాడు. పర్లాకిమిడి దగ్గరే. మామ్మ పుట్టిల్లు చెబితే రెండిళ్ళ పేర్లు చెప్పి, వాళ్ళలో ఒకరు ఇంకా ఉన్నారన్నాడు. మాటల్లో, మీ రాష్ట్రంలోనే పూరీ ఉండగా ఇక్కడికి ఎందుకండీ వస్తారు అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. “మీరు పూరీ వస్తారు, మేం ఇక్కడికొస్తాం. రాజు ఒకడే గానీ బస్సు టికెట్టు ఇద్దరికీ దండగే” అని, వాళ్ళ బస్సు హారన్ కొట్టడంతో చెప్పులు చేత్తో పట్టుకుని ఇసకలో పరిగెత్తాడు. మామ్మ పుట్టింటివాళ్ళలో ఎవరు ఉన్నారో అడగనే లేదు. పర్లాకిమిడిలో పని పడింది నాకు.